గోడవైపు తిప్పిన ఫోటోలు

ఊరందరికీ ఫోటోలు తీసిన మనిషి పోయాడు. తీరా దండ వేద్దామంటే ఆయన ఫోటో ఒక్కటి దొరకలేదు.

అయిదో రోజు పొద్దున ఆయన తమ్ముడు కోటేశు వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు. నేను చేటలో కందులు చెరుగుతున్నాను. లోపలికి రమ్మంటే రాలేదు.

"మైలలో ఉన్నాం అక్కా, ఈడే నిలబడతాలే. అన్న ఫోటో ఒకటి నీ కాడ ఉందంటగా. వదిన కనుక్కు రమ్మంది."

"స్టూడియో నిండా ఫోటోలే గదరా. అందులో ఆయనది లేదా?"

"అన్నీ ఊళ్ళోవాళ్ళయ్యే. ఆధార్ కార్డు మీదది పెద్దది చేయిద్దామని పోతే ఫ్లెక్సీవాడు, ఇది మనిషా మసిగుడ్డా అని అడిగాడు."

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆ ఫ్లెక్సీవాడికీ ఆయనకూ ఎన్నడూ పడలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా నాయకుల బొమ్మలు తీసిపెట్టమని వీళ్ళూ వాళ్ళూ స్టూడియో మెట్లెక్కేవాళ్ళు. "దండం పెట్టిన చేతులు తప్ప మనిషి కనపడడు. అది నా పని కాదు, ఎదురు ఫ్లెక్సీకొట్టుకు పొండి" అని పంపించేవాడు. రెండు పార్టీల వాళ్ళనూ ఒకే మాటతో పంపాడు కాబట్టి బతికిపోయాడు.

"ఫోటో ఉందిరా. పెద్దకర్మ రోజుకి ఫ్రేము కట్టించి నేనే పట్టుకొస్తా. అయితే ఆ రోజున దాన్ని ఎట్టా పెట్టాలో నేను చెప్తా. ఎవరూ అడ్డం రాబాకండి."

"అట్టాగే అక్కా" అని పోయాడు. దేనికి ఒప్పుకున్నాడో వాడికి తెలియదు.

గురజాల బస్టాండుకు నాలుగు అడుగుల దూరంలో ఉంది ఆయన స్టూడియో. మెట్లు ఎక్కగానే తాడు కట్టి దాని మీద ఫోటోలు క్లిప్పులతో వేలాడదీసి ఉండేవి, తడిబట్టలు ఆరేసినట్టు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక పెళ్ళిళ్ళు తగ్గాయి, పాస్‌పోర్టు సైజులే మిగిలాయి. ఆ చిన్న ఫోటోకి కూడా పావుగంట పట్టేది ఆయనకి. బ్యాంకుకు టైమైపోతోందని జనం తిట్టుకునేవాళ్ళు. ఆయన వినిపించుకునేవాడు కాదు.

నవ్వమని ఎవరినీ అడిగి ఎరగడు. తల ఇటు తిప్పు, గడ్డం ఎత్తు అనేవాడు కాదు. కెమెరా కంటికి పెట్టుకుని, "పేరు చెప్పు" అనేవాడు. ఇంటిపేరుతో సహా పూర్తిగా చెప్పాలి. చెప్పేటప్పుడు తీసేవాడు కాదు. చెప్పడం అయిపోయి నోరు మూతపడగానే టక్కున నొక్కేవాడు. అప్పుడు ముఖంలో ఏదో ఉంటుందట. అది ఏమిటని అడిగితే, "నాకూ తెలీదక్కా, ఉన్నప్పుడు నొక్కుతా" అనేవాడు.

మనిషిని తెల్లగా చేసి ఇమ్మంటే ఇచ్చేవాడు కాదు. ఒకసారి నేను అక్కడ కూర్చుని ఉండగా ఒకావిడ కూతురి ఫోటో తిప్పి తెచ్చింది.

"ఇంత నల్లగా ఉందేంది? పెళ్ళిచూపులకి పంపాలయ్యా."

"పిల్లను కూడా పంపుతావా, ఫోటో ఒక్కటేనా?"

"పిల్లను పంపకుండా ఎట్టా?"

"మరి వాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, తెల్లపిల్ల ఎక్కడుందని అడగరూ?"

ఆవిడ కస్సుమంటూ మెట్లు దిగింది. అటువంటి మాటలతోనే సగం గిరాకీ పోగొట్టుకున్నాడని సుగుణమ్మ నా దగ్గర వాపోయేది. సుగుణమ్మ ఆయన భార్య. మాటకి ఎదురాడని మనిషి. మా తరం ఆడవాళ్ళందరిలాగే భర్త పేరు పెదవి మీదకి రానిచ్చేది కాదు. "మీ తమ్ముడు" అనేది నాతో, "మీ అన్న" అనేది కోటేశుతో. ఊరు ఊరంతా కూడా "స్టూడియో ఆయన" అనే పిలిచేది. అందరి పేర్లూ అడిగే మనిషి పేరు ఎవరికీ అవసరపడలేదు.

ఆయన జేబులో ఎప్పుడూ ఒక మెత్తటి పెన్సిలు ఉండేది. ప్రతి ఫోటో వెనకా మనిషి పేరు, ఊరు రాసేవాడు. పెన్నయితే ముందుకు దిగుతుందట. ఒకరి ఫోటో ఇంకొకరికి పోకుండా మొదలుపెట్టిన పని అది, తరువాత వ్రతమైపోయింది. ఆ పెన్సిలు వేలికి అందనంత పొట్టిదయ్యేదాకా వాడేవాడు. మొదట్లో ఆయనలో నాకు నచ్చింది అదొక్కటే.

ఆయన్ని నేను మొదట చూసింది బట్టీ దగ్గర. ఇరవై రెండేళ్ళు సున్నపు బట్టీలో చేశాను నేను. రాయి కొట్టాలి, గంపకెత్తాలి, బొగ్గూ రాయీ మార్చి మార్చి బట్టీలో పొయ్యాలి, కాలిన సున్నం లాగి లారీకెత్తాలి. చేతులకు ఆముదం పూసుకుని దిగినా సాయంత్రానికి వేళ్ళ సందుల్లో మండేది. నాగరత్తమ్మ నా జత. గంప తలకెత్తాలంటే రెండో మనిషి కావాలి. నేను ఆమెకు ఎత్తేదాన్ని, ఆమె నాకు ఎత్తేది. ఆఖరి గంపకి మాత్రం ఎత్తే మనిషి ఉండదు. మోకాలి మీద ఆనించుకుని, ఒక్క ఊపున తనంతట తానే తలకెత్తుకోవాలి. అన్నేళ్ళలో ఆ ఆఖరి గంప నన్ను ఒక్కనాడూ ఎత్తుకోనివ్వలేదు నాగరత్తమ్మ.

ఒక ఆదివారం ఆయన మోపెడ్ ఆపి, బియ్యం సంచితో కుట్టించిన సంచీలోంచి కెమెరా తీశాడు. నేను గయ్యిమన్నాను.

"ఏమయ్యా, పెళ్ళికొచ్చినట్టున్నామా మేము? సున్నం కొట్టిన గోడల్లాగా ఉంటే ఫోటో ఏంది?"

"సున్నం కొట్టిన గోడే గదక్కా బాగుండేది. పేరు చెప్పు."

పేరు అనగానే నాకు హాజరు పుస్తకం గుర్తొచ్చింది. బట్టీలో హాజరు వేసేటప్పుడు ఆడమనిషి పేరు అడగరు. ఎవరి భార్యవి అని అడుగుతారు. మొగుడి పేరు మేం నోటితో చెప్పం కాబట్టి పక్కనున్న ఆమె చెబుతుంది. నాది నాగరత్తమ్మ చెప్పేది, ఆమెది నేను చెప్పేదాన్ని. ఆ అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాను.

"ఏమే నాగరత్తం, మా ఆయన పేరు చెప్పవే ఈయనకి."

ఆయన కెమెరా దించాడు. "మీ ఆయన ఈడ ఉన్నాడా?"

"యాడుంటాడు, మేకలెంబడి పోయాడు."

"ఈడ లేనాయన పేరు నాకెందుకు? నేను తీసేది నిన్ను. నీ పేరు చెప్పు."

ఎందుకో ఒళ్ళు మండిపోయింది నాకు. అన్నేళ్ళుగా ఎవరూ అడగనందుకో, అడగకపోయినా నేను ఊరుకున్నందుకో చెప్పలేను. చేతిలో సుత్తి కింద పడేసి, తగాదాకి దిగినట్టు "బత్తుల శేషమ్మ" అన్నాను. టక్కున నొక్కాడు. ఆ ఫోటోలో నేను ఎవరినో కొట్టబోతున్నట్టు ఉంటాను. ఇంతవరకు నన్ను నేను అంత బాగా చూసుకోలేదు.

నాగరత్తమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"నా బొమ్మ యాడికి పోద్దయ్యా?"

"తెలీదమ్మా. ఎవరన్నా చూస్తామంటే చూపిస్తా."

"చూపించుకో. పేరు లేకుండా మాత్రం పోనియ్యబాక. పుస్తకంలోనూ లేకపోయె నా పేరు. రాములు భార్య, రాములు భార్య! రాములు పోయి ఏడేళ్ళాయె, ఇంకా రాములు భార్యే."

"పేరు లేకుండా నిన్ను ఎక్కడా పెట్టను. మాటిస్తున్నా."

ఆమె కొంగు తీసింది. పేరు చెప్పబోతుంటే దగ్గు వచ్చింది. సున్నం దగ్గు, ఒక పట్టాన వదలదు. ఆయన కెమెరా ఎత్తిపట్టుకుని అది తగ్గేదాకా నిలబడ్డాడు. తగ్గాక మళ్ళీ అడిగాడు. "గోగుల నాగరత్తమ్మ" అంది. ఆ ఫోటోలో ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. అవి ఏడుపువి కావు, దగ్గువి. చూసినవాళ్ళు ఏమైనా అనుకోనీ, నాకు తెలుసు.

రెండేళ్ళకి ఆ దగ్గుతోనే పోయింది. పాడె మీద ఫోటో తియ్యమని ఆమె కూతురు కబురు పెడితే ఆయన వచ్చాడు గానీ కెమెరా తేలేదు. "తీశానుగా తల్లీ, తన పేరు తను చెప్పినప్పుడు" అన్నాడు.

ఇటువంటి ఫోటోలు సంచీలో వేసుకుని ఆయన హైదరాబాదులో గ్యాలరీల చుట్టూ తిరిగాడు. గ్యాలరీ అంటే ఏమిటని అడిగితే, "తెల్లగోడ, ఏసీ, చెప్పుల చప్పుడు కాకుండా నడిచే జనం" అన్నాడు. వెళ్ళివచ్చినప్పుడల్లా టీకొట్టు బల్ల మీద కూర్చుని అక్కడివాళ్ళు ఎలా నిలబడ్డారో, ఎలా తల పంకించారో చేసి చూపించేవాడు. ఒకచోట ఒక ఆయన ఏదో ఫోటో ముందు కదలకుండా నిలబడి ఉన్నాడట. చూడటం అంటే ఇదీ అని ఈయన మురిసిపోయి, వెళ్ళి పక్కన నిలబడ్డాడు. తీరా చూస్తే ఆ ఫోటో కింద ప్లగ్గు ఉంది, ఆయన ఫోను చార్జింగు పెట్టుకున్నాడు.

ఒక గ్యాలరీలో ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు. నరసరావుపేటలో మా బావ దగ్గర అన్నాడు. అక్కడితో సరి. ఇంకోచోట మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి ఎవరూ రాలేదు. నీళ్ళు తాగి వచ్చేశాడు.

"అంతమంది కాదంటుంటే ఇంకా ఎందుకయ్యా ఆ తిరుగుడు?" అని నేను కోప్పడ్డాను.

"కాదనలేదక్కా, చూళ్ళేదు. చూసి కాదంటే అప్పుడు ఆలోచిస్తా."

అలా వదిలివచ్చిన కవరు ఒకటి ఏడాది తరువాత ఎవరో తెరిచారు. తెరిచిన అమ్మాయి పేరు మృణాళిని. ఆ గ్యాలరీలో ప్రదర్శనలు ఏర్పాటు చేయడం ఆమె ఉద్యోగం. ఫోను చేసింది. పద్దెనిమిది ఫోటోలు, పది రోజులు పెడతామంది. పెద్ద సైజులో అక్కడే అచ్చు వేయించి, ఫ్రేములు కట్టించింది. వెనక సంతకాలు పెట్టడానికి ఒకసారి రమ్మంటే వెళ్ళాడు. గీసినవాళ్ళూ తీసినవాళ్ళూ వెనక తమ పేరు పెట్టడం అక్కడి పద్ధతట. ఈయనకు ఆ సంగతి తెలియదు. ఫోటో వెనక రాయమంటే ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే. జేబులో పెన్సిలు తీసి, పద్దెనిమిది అట్టల మీదా ఫోటోలో ఉన్నవాళ్ళ పేర్లు, ఊర్లు రాసి వచ్చాడు. ఎవరూ తిప్పి చూడలేదు.

ప్రదర్శన మొదలయ్యే రోజుకి నన్ను రమ్మన్నాడు.

"నేనెందుకయ్యా? పనీ పాటా లేదా నాకు?"

"అన్ని బొమ్మలున్నాయి, ఒక్క మనిషన్నా ఉండొద్దా అక్కా? నాగరత్తమ్మ తరఫున రా."

ఆ మాటతో కదిలాను. పులిహోర కలిపి, సీసాలో నీళ్ళు పోసుకుని బస్సెక్కాను. దాచేపల్లి దాటి, కృష్ణ దాటి, మిర్యాలగూడ మీదుగా హైదరాబాదు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన బయట ఫోనులో మాట్లాడుతుంటే నేను ముందు లోపలికి వెళ్ళాను.

ఎదురుగా గోడ మీద నేనే ఉన్నాను, కిటికీ అంత. నా ఫ్రేముకి బంతిపూల దండ వేసి ఉంది.

అక్కడే కాలు ఆగిపోయింది. గోడ పొడుగునా చూశాను. అందరికీ దండలే. రాయి కొట్టే పిచ్చమ్మకి దండ, లారీ వెంకయ్యకి దండ, మొన్ననే మనవరాలిని ఎత్తుకున్న కోటమ్మకి దండ. దీపం వెలిగించే వేడుక కదా, అలంకారమని తోరణాలు కట్టగా మిగిలిన దండలు తెచ్చి ఫ్రేములకు తగిలించారట. ఇది నాకు తరువాత చెప్పారు. అప్పుడు మాత్రం నేను నిచ్చెన కోసం చూడలేదు. ఎగిరి నా దండ లాగిపారేశాను.

వాకిలి దగ్గర కాపలా ఉండే మనిషి పరుగున వచ్చాడు. "అమ్మా, అమ్మా, ముట్టుకోవద్దు! జర దూరం ఉండుండ్రి."

"నా మొహం నేను ముట్టుకోకూడదా?"

ఆయన ఫోటో చూశాడు, నన్ను చూశాడు. "అరె, మీరేనా?"

"నేనే. బతికే ఉన్నా. నువ్వెవరు, నీ పేరేంది?"

"యాదయ్య."

"యాదయ్యా, బతికున్నోళ్ళ ఫోటోకి మీ ఊళ్ళో దండ వేస్తారా?"

"వెయ్యరమ్మా. నేను జెప్పిన, ఎవలూ వినలే."

అప్పుడు మృణాళిని వచ్చింది. సన్నగా, నిద్రలేని కళ్ళతో, చేతిలో కాగితాల కట్టతో ఉంది. పాపం, నాలుగు రోజులుగా తిండి కూడా సరిగా తిన్నట్టు లేదు. "సారీ అమ్మా, డెకరేషన్ అనుకున్నాం" అంది. నేను దండలు తీస్తూ పోతున్నాను. "ఈమె ఉంది, తియ్యి. ఈయన ఉన్నాడు, తియ్యి" అని చెబుతుంటే యాదయ్య అందుకుంటున్నాడు. ఏడో ఫోటో దగ్గర ఆగాను. నాగరత్తమ్మ.

"ఈమె లేదు. ఉంచు."

అప్పుడు చూశాను కింద అతికించిన చిన్న అట్టని. నేను చదివింది మూడో తరగతే అయినా అక్షరం పోలేదు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. "తెలుపు, ఏడు." నా కింద "తెలుపు, ఒకటి." అంతే.

ఆయన నా వెనక వచ్చి నిలబడి ఉన్నాడు. ఆయనా చదివాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. కోపం వస్తే ఆయన చేసే పని అదే.

"పేర్లు ఏవమ్మా?" అన్నాడు.

"పేర్లుంటే ఫోకస్ పోతుంది సార్. వీళ్ళు విడివిడి మనుషులు కాదు, మొత్తం శ్రమకి ప్రతీక. చూసేవాళ్ళు అలా ఫీలవ్వాలి."

"నాగరత్తమ్మ ప్రతీక కాదమ్మా. దగ్గి దగ్గి చచ్చిపోయింది. పేరు లేకుండా పెట్టనని ఆమెకు మాటిచ్చాను నేను."

"లేబుల్స్ ప్రింటయిపోయాయి సార్. గంటలో గెస్టులు వస్తారు. ఓనర్‌కి నేనేం చెప్పను? నా ఉద్యోగం సార్ ఇది."

ఆయన ఒక్క మాట గట్టిగా అనలేదు. అద్దాలు పెట్టుకున్నాడు. "నీ తప్పు కాదులే తల్లీ. నేనే చేశానని చెప్పు" అన్నాడు. నాగరత్తమ్మ ఫ్రేము దగ్గరికి వెళ్ళి, రెండు చేతులా ఎత్తి, కొక్కెం మీంచి దించి, గోడవైపు తిప్పి పెట్టాడు. తెల్లటి అట్ట మీద పెన్సిలు రాత బయటికి వచ్చింది. గోగుల నాగరత్తమ్మ, గురజాల.

"అక్కా, రెండో వైపు పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను. బట్టీలో గంప పట్టుకున్నట్టే. యాదయ్య మా ఇద్దరినీ చూసి, "నేనేం జూడలే. చాయ్ తాగనీకి పోయిన" అని బయటికి నడిచాడు. పోతూ పోతూ పొడుగు స్టూలు ఒకటి మా వైపు జరిపి పోయాడు.

జనం వచ్చేసరికి పద్దెనిమిది ఫోటోలూ గోడకేసి తిరిగి ఉన్నాయి. ఒక పట్టుచీర ఆవిడ చేతులు కలిపి, "వావ్, వాట్ ఎ కాన్సెప్ట్!" అంది.

"కాన్సెప్టు కాదండీ. ఆ పేరు బయటికి చదవండి, ముఖం చూపిస్తాను" అన్నాడు ఆయన.

ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు. చేసేది లేక చదివింది. ఆయన ఫ్రేము తిప్పి చూపించి, ఆవిడ చూడటం అయ్యాక మళ్ళీ గోడవైపు తిప్పాడు. తరువాతి మనిషి మళ్ళీ మొదటినుంచి చదవాలి. కొందరు మొహం చిట్లించి వెళ్ళిపోయారు. ఒకాయన ఇదేం బలవంతం అని గొడవపడ్డాడు. "ఫోటో మీకు చూపించాలని ఆమెకు బలవంతమేమీ లేదు కదండీ" అన్నాడు ఈయన. ఒక చదువుకున్న పిల్ల నా దగ్గరికి వచ్చి, తెలుగు మాట్లాడతాను గానీ చదవడం రాదు ఆంటీ అంది. మూడో తరగతి చదివిన నేను ఆ సాయంత్రమంతా హైదరాబాదు వాళ్ళకి అక్షరాలు చదివి పెట్టాను. ఒక్కొక్కరి చేతా రెండుసార్లు అనిపించాను. ఆ గదిలో నాగరత్తమ్మ పేరు ఎన్ని గొంతులతో విన్నానో.

ఆ వరస గ్యాలరీ యజమానికి నచ్చలేదు. రేపటికల్లా ఫోటోలు ముందుకు తిరగాలి, లేదా బయటికి పోవాలి అని ఫోను చేశాడు. "బయటికే" అన్నాడు ఆయన.

పొద్దున్నే మా బట్టీ సున్నం దించి ఖాళీగా వెనక్కి పోయే లారీ ఒకటి పట్టుకున్నాము. ఫ్రేములు దుప్పట్లలో చుట్టి ఎక్కిస్తుంటే మృణాళిని ఆటోలో వచ్చింది. నేరుగా లోపలికి పోయింది. లేబుళ్ళన్నీ గోడ మీంచి ఊడబెరికి తెచ్చి, చించి, మా ఎదుటే చెత్తడబ్బాలో వేసింది. తన ఉద్యోగం ఉందో లేదో చెప్పలేదు, నేనూ అడగలేదు.

లారీ డ్రైవరు టిఫినుకి వెళ్ళాడు. ఆయన ఫ్రేముల పక్కన లారీ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. ఓడిపోయినవాడిలాగా లేడు, గెలిచినవాడిలాగా కూడా లేడు. పని ముగించుకున్న మనిషిలాగా ఉన్నాడు. నాకేం బుద్ధి పుట్టిందో, ఆ సంచీలోంచి కెమెరా తీశాను.

"ఎక్కడ నొక్కాలయ్యా దీన్ని?"

చూపించాడు. కంటికి పెట్టుకుని, "పేరు చెప్పు" అన్నాను.

పకపకా నవ్వాడు. నవ్వు ఆగేదాకా నేను ఊరుకున్నాను. అప్పుడు చెప్పాడు, ఇంటిపేరుతో సహా. ఆ పేరు పూర్తిగా నేను వినడం అదే మొదలు. నొక్కాను. ఒక మూల నా వేలు పడింది, నెత్తి కొంచెం తెగింది. ముఖం మాత్రం ఉంది.

ఆ తరువాత ఏ గ్యాలరీ వాళ్ళూ ఆయన్ని పిలవలేదు. పద్దెనిమిది ఫ్రేములూ మోపెడ్ మీద ఒక్కొక్కటిగా ఎవరిది వాళ్ళ ఇంటికి చేర్చాడు. ఒకసారి నేను, "పది రోజుల ప్రదర్శన ఒక్క సాయంత్రంతో పాయెగదా" అంటే, "నాగరత్తమ్మను బతికుండగా అంతమంది పేరుపెట్టి పిలిచారా అక్కా?" అన్నాడు. నేను తీసిన ఫోటో అచ్చు వేసి నాకే ఇచ్చాడు. వెనక ఖాళీగా ఉంది. "తీసినోళ్ళే రాయాలి" అన్నాడు. రాద్దాం రాద్దాం అని బీరువాలో పెట్టి మరిచాను. మొన్న కోటేశు వచ్చి వెళ్ళాక, ఆయన ఎప్పుడో మా ఇంట్లో వదిలిపోయిన పెన్సిలు ముక్క వెతికి, ఫ్రేము వెనక అట్ట మీద గుండ్రంగా రాశాను. ఆ పేరు ఇక్కడ రాయను. కావలసినవాళ్ళు గురజాల వచ్చి, నోరు తెరిచి చదవండి.

పెద్దకర్మ రోజున ఫ్రేము తీసుకెళ్ళి పీట మీద పెట్టాను, ముఖం గోడవైపు. దండ ఆ అట్ట మీదే వేశాను. పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి.

"ఏందే శేషమ్మా, ఆ చోద్యం? తిప్పి పెట్టు."

"పేరు చదివినోళ్ళకే మొహం. చదివి పూలు వెయ్యండి."

కోటేశు నా చెవి దగ్గరికి వచ్చాడు. "అక్కా, పంతులుగారు చూస్తున్నారు."

"చూడనీ. ఆయనకీ చదువొచ్చుగా."

పంతులుగారే ముందు లేచి చదివారు. తరువాత ఊరు కదిలింది. "స్టూడియో ఆయన పేరు ఇదా!" అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ఫోటోలు తీయించుకున్నవాళ్ళే తడుముకుంటూ చదివారు. ఫ్లెక్సీవాడు కూడా వచ్చి చదివాడు. చదివిన ప్రతివాళ్ళకీ తిప్పి చూపించాను, మళ్ళీ తిప్పాను. నా భుజాలు లాగేశాయి, అయినా ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

చివరికి సుగుణమ్మ లేచి వచ్చింది. "ఆమెను వదిలెయ్యి, మొగుడి పేరు ఎట్టా చెప్పుద్ది?" అన్నారు వెనకనుంచి ఆడవాళ్ళు. నిజమే. మా ఆయన పేరు నేను ఇప్పటికీ చెప్పను. ఆమె చేత చెప్పించడం నా ఉద్దేశం కాదు. ఆమె కోసం ఊరికే తిప్పుదామని ఫ్రేము మీద చెయ్యి వేశాను.

సుగుణమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండొదినా" అంది.

దండ పక్కకి జరిపింది. అక్షరాల కింద వేలు పెట్టింది. ముందు ఇంటిపేరు, ఆ తరువాత పేరు, తొందర లేకుండా, పందిరంతా వినపడేట్టు చదివింది. చదవడం అయి ఆమె నోరు మూతపడింది.

ఆ ముఖం చూశాను నేను. ఆయన ఉంటే టక్కున నొక్కేవాడు.